పూలదారంతో అమెరికా

నిన్న రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. కారణం జానెడు దారం.

మేనకోడలు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తోంది. "అదెంత దూరమేట్రా?" అంది అమ్మ. గోడ మీది ప్రపంచపటం దగ్గరికి తీసుకెళ్లి అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్, అదిగో అమెరికా అని వేలితో గీత గీసి చూపించాను. పాశ్చాత్య దేశమంటే పడమరకే కదా పోవాలి!

ఈలోగా మావాడు స్కూలు గ్లోబు పట్టుకొచ్చాడు. అమ్మ పూలు కట్టే దారం ఇచ్చింది. విశాఖ మీద నేను వేలు నొక్కిపెట్టాను, వాడు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర పట్టుకుని బిగించి లాగాడు. దారం సర్రున జారింది. పడమరకి కాదు, పైకి! ఒడిశా, టిబెట్, మంగోలియా, సైబీరియా దాటి, ఆర్కిటిక్ వలయంలోకి ఓసారి తొంగిచూసి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. ఇన్నేళ్లుగా ఆ గోడపటాన్ని నమ్మినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ ముక్కనే భూమధ్యరేఖ చుట్టూ పెట్టి కొలిచాం. ఒకటి, రెండు, మూడు. మూడు కొలతలకి భూమి చుట్టూ తిరిగొచ్చేశాం! చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు, అందులో మూడోవంతంటే సుమారు 13,300. గంటకి 900 చొప్పున ఆగకుండా ఎగిరితే పదిహేను గంటలు. విశాఖ నుంచి నేరు విమానం లేదు కాబట్టి మధ్యలో దిగి పడిగాపులు పడటం మామూలే, అది వేరే లెక్క.

అసలు మతి పోయింది తర్వాత. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిరిండియా మొదట్లో అట్లాంటిక్ మీదుగా వెళ్లేది, 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో పసిఫిక్ వైపు తిప్పారు, 15,300 కిలోమీటర్లు. దూరం పెరిగింది, ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటలకి తగ్గింది! పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ గాలి వెనకనుంచి నెడుతుందట. నర్సీపట్నం వాళ్లం, లంబసింగి ఎంత దూరమంటే కిలోమీటర్లలో కాక గంటల్లో చెప్తాం, ఘాట్ రోడ్డు సంగతి తెలుసు గనక. పైలట్లూ మాలాంటోళ్లేనన్నమాట!

ఇంకోటి వినండి. 2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరిన విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. నడిపినవాళ్లంతా మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్, ఆవిడ జట్టులో పాపగారి తన్మయి కూడా. గాల్లో ఉన్నది పదిహేడు గంటలే. మరి పదో తారీఖు ఏమైనట్టు? వేళ్లు మడిచి లెక్కేశాను. వాళ్లకి 9 రాత్రి ఎనిమిదిన్నర అయితే మనకప్పటికే పదో తారీఖు పొద్దున్న పది! పదమూడున్నర గంటల తేడా విమానం ఎక్కకముందే ఉంది. ఇది అమ్మకి చెప్పడానికే అరగంట పట్టింది. అంతా విని, "అయితే అక్కడ అది ఫోన్ చేసేసరికి నేను పడుకునుంటానా?" అంది.

పొద్దున్నే కనకాంబరాలు ముందేసుకుని దారం ఏదని అడిగింది. ఇవ్వలేదు. న్యూజిలాండ్ ఇంకా కొలవలేదు.