చోటే షౌక్, అమ్మీ నడుము

మా చోటేకి తన స్విఫ్ట్ అంటే జాన్. మద్రాసు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద ఓసారి తిప్పొచ్చిన కాన్నుంచి సస్పెన్షన్ మార్చాలని ఒకటే జిద్దు. "మూల తిరిగితే బండి ఒరుగుతుంది భయ్యా" అంటడు. నిజమే. కానీ అదే బండిలో అమ్మీని నెలకోసారి నల్లగొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పాలమూరుకు, ఆపా ఇంటికి తీసుకుపోవాలె. ఆమె నడుముకు ఆపరేషనై ఏడాది కాలేదు.

మొహల్లా మిస్త్రీని అడిగినం. లారీ కమాన్లతోనే ఉమ్ర్ గడిపిన మనిషి. "స్ప్రింగు బరువు మోస్తది, షాకు దాని ఎగురుడు ఆపుతది. గట్టి స్ప్రింగుకు పాత షాకు జోడిస్తే గంతులేస్తది. కిందికి దించితే ప్రతి స్పీడ్ బ్రేకరూ పొట్టకు తగులుతది" అన్నడు. ఎత్తు కూడా మార్చుకునే కాయిలోవర్లంటే చోటే మూడు నెలల తన్ఖా.

ఫైసలా అయింది. కంపెనీ స్ప్రింగులే ఉంచి, గట్టితనం తిప్పుకునే షాకులు. ట్రాక్‌కు బిగింపు, ఇంటికి వదులు.

మొన్న ట్రాక్ నుంచి వచ్చి వదులు చేయడం మరిచిండు. దేవరకొండ దాకా అమ్మీ ఏమీ అనలేదు, సీటు పట్టుకుని దువా చదువుకుంటున్నది. అద్దంలో చూసిన చోటే బండి ఆపి, దిగి, నాబులు తిప్పిండు.

"బస్, ఇప్పుడు పోనీ బేటా" అన్నది.