పగ కథలో అమ్మ వాటా

మన సినిమాల్లో పగ తీర్చుకోవడం చాలా తేలిక. మొదటి పావుగంటలో నాన్ననో అన్ననో చంపేస్తారు. ఆఖరి పావుగంటలో హీరో వచ్చి లెక్క సరిచేస్తాడు. మధ్యలో అమ్మ ఒక ఫోటోకి దండ వేసి, దాని ముందు నిలబడి కొడుక్కి జరిగిన కథ చెబుతుంది. అంతే, ఆవిడ పని అయిపోయినట్టే. మనమూ చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి పప్పులో పోపు పెట్టుకుంటాం.

పోయిన వేసవిలో లండన్‌లో ఒక నాటకం చూశాను. నాలుగు వందల ఏళ్ళు దాటిన పగ కథ. వేసింది ఒక డ్రామా స్కూల్లో ఆఖరి సంవత్సరం చదువుతున్న పిల్లలు. అందులో ఒక అమ్మ ఉంది. ఆవిడ గురించి మీకు చెప్పాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

నాటకం పేరు 'ది స్పానిష్ ట్రాజెడీ'. రాసినాయన థామస్ కిడ్. 1580ల్లో రాసిన నాటకం, అంటే షేక్‌స్పియర్ హామ్లెట్ కంటే ముందుది. చనిపోయినవాడి ఆత్మ రావడం, నాటకంలో మళ్ళీ నాటకం, దుఃఖంతో మతి చెదరడం, పగ ఆలస్యం కావడం, ఇవన్నీ హామ్లెట్ కంటే ముందే ఇందులో ఉన్నాయి. ఆ రోజుల్లో జనం ఎగబడి చూశారట.

మా అక్క కూతురు ఆ స్కూల్లోనే చదువుతోంది. ఇంజనీరింగ్ చెయ్యకుండా నాటకాలేమిటని చుట్టాలందరూ అన్నా, బావగారు పొలం అమ్మి పంపారు. ఏప్రిల్‌లో ఒకరోజు నాకు ఫోన్ చేసింది. "పిన్నీ, ఆఖరి నాటకం జూన్‌లో. అమ్మను తీసుకురావాలా, వద్దా? నాకిచ్చింది కొడుకు పోయిన తల్లి వేషం" అంది.

దాని గొంతులో భయం నాకు తెలుసు. ఆరేళ్ళ క్రితం మా అక్క కొడుకు పోయాడు. రాత్రి ట్యూషన్ చెప్పి బండి మీద ఇంటికొస్తుంటే కారు గుద్దేసింది. కారు నడిపింది ఒక పలుకుబడి గల ఇంటి కుర్రాడు, పందొమ్మిదేళ్ళవాడు. కాగితాల్లో మాత్రం జీతానికి ఉన్న డ్రైవరు పేరు ఎక్కింది. చూసినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకాయన మాట మార్చాడు, ఒకాయన ఊరు మారాడు. అప్పటినుంచీ వాయిదాలే. అక్క ప్రతి వాయిదాకీ వెళ్ళి వస్తుంది. సాయంత్రం దీపం పెట్టాక నాకు ఫోన్ చేసి, ముందు ఆ కుర్రాణ్ణి శపిస్తుంది, ఆ తర్వాతే కూరేం వండావని అడుగుతుంది. ఆరేళ్ళుగా ఇదే వరస.

నేను కథంతా చదివి, అక్కకి దాచకుండా చెప్పాను. కొడుకుని చంపుతారని, తల్లి పిచ్చిదైపోయి చచ్చిపోతుందని, ఆ తల్లి వేషం దీనిదేనని. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నా కూతురు నాలాగా ఏడుస్తుంటే నేను చూడాలిగా" అంది. బావగారికి ఒంట్లో బాగోక, తోడుగా నేను బయల్దేరాను.

హాలు అంటే మన కల్యాణమండపంలా ఉంటుందనుకున్నాం. నల్ల రంగు వేసిన ఒక పెద్ద గది, ఒక వంద కుర్చీలు, తెర కూడా లేదు. కథ స్పెయిన్ రాజుగారి కొలువులో జరుగుతుంది. హిరోనిమో అక్కడ న్యాయాధికారి. అతని కొడుకు హొరేషియో యుద్ధంలో పేరు తెచ్చుకుంటాడు. రాజుగారి తమ్ముడి కూతురు బెల్ ఇంపీరియాకి అతనంటే ఇష్టం. అది ఆమె అన్న లొరెంజోకి గిట్టదు. పోర్చుగల్ రాకుమారుడు బల్తజార్‌కి చెల్లెల్ని ఇవ్వాలని అతని పట్టుదల. ఇద్దరూ కలిసి ఒక రాత్రి హొరేషియోని వాళ్ళ తోటలోని పందిట్లోనే ఉరేసి పొడిచేస్తారు. కేకలు విని పక్క మీంచి లేచొచ్చిన తండ్రి, ఎవరో పాపం అనుకుంటూ శవాన్ని దింపుతాడు. దింపాక తెలుస్తుంది తన కొడుకేనని.

అప్పుడు తల్లి వస్తుంది. పేరు ఇసబెల్లా. మా పిల్ల.

ఇరవై ఒక్క ఏళ్ళది, జుట్టుకి తెల్ల రంగైనా వేసుకోలేదు. నడకలో మాత్రం మా అక్కని తెచ్చి పెట్టుకుంది. ఎడమ మోకాలు నొప్పికి అక్క కొంచెం వంగి నడుస్తుంది, అచ్చం అలాగే. నేను అక్క వైపు చూడలేదు. చెయ్యి మాత్రం పట్టుకున్నాను.

హిరోనిమో కొడుకు నెత్తుట్లో రుమాలు తడిపి దాచుకుంటాడు, పగ తీరేదాకా శవాన్ని పాతిపెట్టనంటాడు. రాజుగారి దగ్గర న్యాయం అడగబోతే లొరెంజో అడ్డం పడతాడు. ఊరివాళ్ళకు తీర్పు చెప్పాల్సిన అధికారికి తన కొడుకు విషయంలో తీర్పు దొరకదు. నన్ను పట్టేసింది ఒక సన్నివేశం. బీదవాళ్ళు అర్జీలు పట్టుకుని అతని దగ్గరికి వస్తారు. వాళ్ళలో ఒక ముసలాయన, ఆయన కొడుకునీ ఎవరో చంపేశారు. హిరోనిమో ఆయనలో తన్నే చూసుకుని విలవిల్లాడతాడు. మతి చెదిరి మిగతావాళ్ళ అర్జీలు పరపరా చింపేస్తాడు. తనకు న్యాయం దొరకనివాడు తన చేత్తోనే ఇంకొకరి న్యాయం చింపాడు. కోర్టు వరండాలో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే అక్క, ఆ కాగితాలు చిరుగుతుంటే 'అయ్యో' అని పైకే అనేసింది.

ఇంకో చిత్రమేమిటంటే, ఈ నాటకంలో 'పగ' కూడా ఒక పాత్ర. యుద్ధంలో చనిపోయిన ఒకాయన ఆత్మ పక్కన కూర్చుని కథంతా చూస్తూంటుంది. ఈ పిల్లలు దాన్ని ఒక నిచ్చెన మీద కూర్చోబెట్టారు. మధ్యలో అది కునుకు తీస్తుంది, ఆత్మ గాభరాగా లేపుతుంది. అందరూ నవ్వారు. అక్క నా చెవిలో, "పగకి కూడా నిద్ర పట్టిందే. నాకే పట్టలేదు" అంది.

ఇసబెల్లా కనిపించేది కొద్దిసేపే. ఒకచోట పనిమనిషి మూలికలు తెస్తుంది. ఇది కంటికి మంచిది, ఇది తలకు మంచిది సరే, గుండెకి ఏదీ అని ఆవిడ అడుగుతుంది. శొంఠి, వాము, కషాయాలతో ఇంటిల్లిపాదికీ వైద్యం చేసే మనకి ఆ ప్రశ్న ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా?

ఆఖరికి కొడుకుని ఉరేసిన పందిరిని తన చేతులతో నరికేస్తుంది. ఆ తోటలో ఇంకేదీ మొలవకూడదని శపిస్తుంది. మొగుడు ఆలస్యం చేస్తున్నాడని తిట్టి, తనని తాను పొడుచుకుంటుంది. వీళ్ళు పందిరిని ఇనప చట్రానికి ఆకుపచ్చ గుడ్డ పేలికలు కట్టి చేశారు. మా పిల్ల ఒక్కో పేలికా పీకుతూ, ఇంగ్లీషు మధ్యలో ఒక్కసారి "నాన్నా" అంది. అన్నని అక్క పిలిచే పిలుపు అది. ఏ మాట నోటికొస్తే ఆ మాట అనమని మేష్టారు వదిలేశారట. తర్వాత ఒకావిడ వచ్చి, ఆ క్షణంలో అమ్మమ్మని తలుచుకున్నావా అని దాన్ని అడిగింది. అక్కడ కొందరు అమ్మమ్మని 'నానా' అంటారులెండి. కన్నకొడుకుని నాన్నా అని పిలుస్తామని చెబితే ఆవిడ ఆశ్చర్యపోయింది.

ఆ తర్వాత పగ తీరుతుంది. పెళ్ళి వేడుకల్లో హిరోనిమో ఒక నాటకం వేయిస్తాడు. అందులో కత్తులు నిజమైనవి. లొరెంజో, బల్తజార్ చస్తారు, బెల్ ఇంపీరియా కూడా తనని తాను పొడుచుకుంటుంది. చుట్టూ కూర్చున్నవాళ్ళు నటన బాగుందని మెచ్చుకుంటూ ఉంటారు. హిరోనిమో తన నాలుక తానే కొరికేసుకుంటాడు. కలం చెక్కుకుంటానని సైగ చేసి చిన్న కత్తి అడిగి, లొరెంజో తండ్రిని పొడిచి, తానూ చస్తాడు. కొడుకు చేసిన హత్యలో ఆ తండ్రికి ఏ పాత్రా లేదు.

ఇదంతా చూడకుండానే ఇసబెల్లా పోయింది. ఎవరికోసం తీరిందో మరి ఆ పగ!

నాటకం అయ్యాక తల్లీకూతుళ్ళు కౌగిలించుకుని ఏడుస్తారనుకున్నాను. అక్క ఏడవలేదు. దాని మొహానికి అంటిన రంగు కొంగుతో తుడిచి, "ఆ లొరెంజో తల్లి ఎక్కడే?" అని అడిగింది.

"నాటకంలో లేదమ్మా."

"లేకపోవడమేమిటి? కనకుండా వచ్చాడా?"

పిల్ల దగ్గర జవాబు లేదు. గోడమీద నాటకం పోస్టరు ఉంది. 1615లో అచ్చయిన పుస్తకం మీది పాత బొమ్మనే దానికి వాడారు. పందిట్లో వేలాడే కొడుకు, దివిటీతో తండ్రి, బెల్ ఇంపీరియా, ఆమెను లాగుతున్న లొరెంజో. ఆ బొమ్మలో ఇసబెల్లా కూడా లేదు.

బస్సులో వెనక్కి వస్తుంటే నాకు ద్రౌపది గుర్తొచ్చింది. నిద్రలో ఉన్న అయిదుగురు కొడుకులనీ అశ్వత్థామ చంపేశాడు. భారతంలో ద్రౌపది వాణ్ణి చంపి తలలోని మణి తెచ్చేదాకా తిండి ముట్టనని ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. మణి చేతికొచ్చాక శాంతిస్తుంది. పోతనగారి భాగవతంలో కథ వేరు. అర్జునుడు అశ్వత్థామని కట్టి తెచ్చి ఆమె ముందు పడేస్తే, వదిలేయమంటుంది. నేను ఏడుస్తున్నట్టు వాడి తల్లి కృపి ఏడవకూడదంటుంది. డిగ్రీలో ఇది చదివినప్పుడు, ఇంత మంచితనం పురాణాల్లోనే కుదురుతుందనుకున్నాను. ఇప్పుడు మంచితనం అనిపించడం లేదు. కడుపుకోత ఎలా ఉంటుందో ఆమెకు కచ్చితంగా తెలుసు, అంతే. తెలిసినదాన్ని ఇంకో ఆడదానికి పంపలేకపోయింది. ఆ ఇద్దరు ద్రౌపదులూ ఒక్కరే అని కూడా అనిపిస్తోంది. ఒకరోజు అలా, ఒకరోజు ఇలా.

అక్కకి ఈ మాట చెబితే, "వదిలేయడానికి నేను ద్రౌపదిని కాను. కేసు నడవాల్సిందే. కారు నడిపింది వాడేనని వాడి నోటితో అనాల్సిందే" అంది. కాసేపాగి, "చావాలని మాత్రం కాదులే" అంది.

న్యాయం అడగడం వేరు, పగ వేరు అని పుస్తకాల్లో చదువుకుంటాం. ఆ రెండింటి మధ్యా వాయిదాలు ఉంటాయి. తలుపు ఎంతసేపటికీ తెరవకపోతే హిరోనిమో లాంటి న్యాయాధికారే కత్తి పట్టుకున్నాడు. అందుకే ఆరేళ్ళుగా కత్తి కాకుండా ఫైలు పట్టుకుని తిరుగుతున్న ఆడవాళ్ళని చూసి, 'ఇంకా వదలవా ఆ కేసు' అని అనకండి. వాళ్ళు పట్టుకున్నది పగని కాదు.

ఆ నాటకకర్త గురించి ఒక మాట చదివాను. కిడ్‌ని 1593లో అరెస్టు చేసి చిత్రహింస పెట్టారు. మరుసటి ఏడాదే, ముప్ఫై అయిదేళ్ళకే పోయాడు. కొడుకు వదిలివెళ్ళిన ఆస్తి వ్యవహారం తమకు వద్దని వాళ్ళమ్మ చట్టప్రకారం వదులుకుందట. బహుశా అప్పులేమో. ఇసబెల్లాని రాసినవాడి తల్లి కూడా, చివరికి కొడుకు పేరున్న ఒక కాగితం ముందు నిలబడాల్సి వచ్చింది.

మేం తిరిగొచ్చాక రెండు వాయిదాలు అయ్యాయి. రెండింటికీ అక్క వెళ్ళింది. సాయంత్రం దీపం పెట్టాక ఫోన్ చేస్తూనే ఉంది. ఈమధ్య మాత్రం నేరుగా కూరేం వండావని అడుగుతోంది. ఎందుకని నేను అడగలేదు. దొండకాయ వేపుడని చెబుతాను, అంతే.