మా అబ్బాయి జెర్సీకి నా కత్తెర

"ఏమ్మాయ్, ఈ వయసులో నీకు సైకిలేంటి? వీధిలో నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు మా అత్తగారు మొదటిరోజు.

నాకు నలభై ఆరు. సుగర్ అంచున ఉందన్నారు డాక్టరుగారు. నడుద్దామంటే మోకాళ్ళు ఊరుకోవు. ఇంటర్ చదివే రోజుల్లో నేను లేడీబర్డ్ సైకిలు మీదే కాలేజీకి వెళ్ళేదాన్ని. పెళ్ళయ్యాక ఆ సైకిలు పుట్టింట్లోనే ఉండిపోయింది, ఆ సరదా కూడా! మా అబ్బాయి 2020లో కొనుక్కున్న గేర్ల సైకిలు, వాడు ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళాక వరండాలో దుమ్ము కొట్టుకుని ఉంది. సీటు కిందికి దింపించుకుని ఎక్కేశాను.

పంజాబీ డ్రెస్సుతో తొక్కితే రెండోరోజే చున్నీ వెనక చక్రంలో పడింది. నెమ్మదిగా వెళ్తున్నాను కాబట్టి చున్నీ చిరగడంతో పోయింది. చెల్లెళ్ళూ, సైకిలైనా స్కూటరైనా చున్నీ ముడేసుకోకుండా ఎక్కకండి. ఆ రోజే అటక మీంచి మా అబ్బాయి సంచీ దింపాను. అందులో నిండుచేతుల నీలం జెర్సీ ఒకటి, సీటు దగ్గర మెత్త ఉన్న సైకిలు నిక్కరు ఒకటి ఉన్నాయి. నిక్కరు మీద మా వారి పాత స్పోర్ట్స్ నిక్కరు తొడుక్కుంటే మోకాళ్ళ దాకా మర్యాదగానే ఉంది.

మేం ఉండేది విజయవాడ భవానీపురంలో. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహల దాకా వెళ్ళి రావడం నా అలవాటు. శివరాత్రి దాకా ఆ జెర్సీ హాయిగానే ఉంది. ఏప్రిల్లో ఒకరోజు బయల్దేరడం ఆలస్యమై, తిరిగొచ్చేసరికి ఏడున్నర దాటింది. బ్యారేజీ మధ్యలో కళ్ళు తిరిగాయి. చొక్కా లోపల చెమట కారిపోతోంది గానీ ఒంటికి చల్లదనమే తెలియడంలేదు. రెయిలింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. కొబ్బరిబోండాల అతను ఒక బోండాం కొట్టిచ్చి, "అమ్మా, స్వెట్టరేసుకుని వచ్చారేంటి!" అన్నాడు.

అతనన్నది నిజమే. చెమట పడితే ఒళ్ళు చల్లబడదు, అది ఆరితేనే చల్లబడుతుంది. కృష్ణ ఒడ్డున గాల్లో ముందే తేమ ఎక్కువ, పైగా దళసరి గుడ్డలోకి గాలి దూరదు. ఇక ఆరేదెట్లా? నూలు బనీను వేసి చూశాను. అది చెమటంతా పీల్చుకుని, తడిసి బరువై, చంకల కింద ఒరుసుకుపోయింది. అంటే గుడ్డ జెర్సీదే ఉండాలి, దానికి గాలి దారులు మాత్రం కావాలి.

మర్నాడు మధ్యాహ్నం మిషను ముందు కూర్చున్నాను. చంక నుంచి నడుం దాకా రెండు పక్కలా నాలుగు వేళ్ళ వెడల్పున కోసేసి, మా అమ్మాయి స్కూలు ఆటలపోటీల చిల్లుల బనీను గుడ్డ అతికాను. మామూలు సూదితో కుట్లు తప్పిపోతుంటే మా సందు టైలరు బాల్ పాయింట్ సూది ఇచ్చాడు. సాగే గుడ్డలకి అదే వాడాలట. దారం పాలిస్టరుది. నా మిషను తిన్న కుట్టు తప్ప వెయ్యదు కాబట్టి, గుడ్డని కొద్దిగా సాగదీసి పట్టుకుని కుట్టాను. అలా కాకపోతే తొడుక్కునేటప్పుడే దారం పటుక్కుమంటుంది. కుట్టు అంచులు బయటికి వచ్చేలా తిప్పేశాను. కాస్త మోటుగా ఉంది గానీ ఒరుసుకోదు.

ముందు జిప్పు గుండెల దాకానే ఉంది. అది తీసేసి, స్వెట్టర్లకి వేసేలాంటి, కింద విడిపోయే నిలువు జిప్పు వేశాను. ఇక్కడొకటి చెప్పాలి. జెర్సీ గుడ్డని నిలువుగా కోస్తే అంచు అప్పడంలా అలలు తిరుగుతుంది. లోపల సన్నటి నాడా పెట్టి కుడితేనే జిప్పు చక్కగా నిలబడుతుంది. నేను మొదటిసారి పెట్టలేదు, అంతా విప్పుకోవాల్సి వచ్చింది.

చేతులు మోచేతి పైదాకా కోసిపారేశాను. వారం తిరిగేసరికి ముంజేతులు మాడిన పెనం రంగుకొచ్చాయి! ఆ కోసిన ముక్కలకే పైన మెత్తటి ఎలాస్టిక్ వేసి చేతి తొడుగులుగా చేసుకున్నాను. బయల్దేరేముందు నీళ్ళలో ముంచి పిండి తొడుక్కుంటాను. అవి ఆరేదాకా చేతులు చల్లగా ఉంటాయి.

నిక్కరు జోలికి పెద్దగా వెళ్ళలేదు. సీటు మెత్త మాత్రం కొయ్యకూడదు, దాని మధ్యలో కుట్టు వస్తే కూర్చోలేం. తొడల దగ్గరి రబ్బరు పట్టీ చెమటకి దద్దురు తెప్పిస్తుంటే దాన్ని తీసి పాత లెగ్గింగు అంచు వేశాను. ఉతికాక నీడనే ఆరెయ్యాలి, ఎండలో సాగేగుణం పోతుంది. ఇస్త్రీ వద్దు, బట్టలు మెత్తబడటానికి వేసే ద్రావకాలు కూడా వద్దు.

ఇంత చేసినా ఎండ ఎండే. 2015 మే వడగాడ్పులకి మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. రోహిణీ కార్తెలో ఏ చొక్కా అయినా ఒకటే, ఆ రోజుల్లో ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటాను.

సంక్రాంతికి మా అబ్బాయి వచ్చాడు. బీరువా వెతికి, "అమ్మా, నా నీలం జెర్సీ ఏదీ?" అన్నాడు. దండెం మీద చూపించాను. చేత్తో తడిమి చూశాడు, ఏమీ అనలేదు. బూరెలు వాడికి ప్రాణం, ఆ పూట ఒక్కటే తిన్నాడు. రాత్రి వాళ్ళ చెల్లెలు చెప్పింది... మొదటిసారి బందరు దాకా తొక్కి, సముద్రంలో కాలు పెట్టి వచ్చింది ఆ జెర్సీతోనేనట. మాకు మాత్రం ఫ్రెండింటికి వెళ్తున్నానని చెప్పాడు! ఆ సంగతి నాకు తెలియదు. కానీ రెండేళ్ళుగా అటక మీద ఉంది కదా అని, ఫోను చేతిలో ఉండీ ఒక్క మాట అడగకపోవడం నా తప్పే. చెప్పాను కూడా. "పోనీలేమ్మా" అన్నాడు గానీ, ఆ 'పోనీలే'లో ఎంత పోయిందో తల్లికి తెలియదా?

వాడు వెళ్ళాక చూస్తే అల్మరాలో ఒక తెల్ల జెర్సీ ఉంది. మర్చిపోయాడో, నాకోసమే పెట్టాడో! ఈసారి ఫోను చేసి అడిగాను.

"కొయ్యి. కానీ వెనక మూడు జేబులూ ఉంచు. బోండాం డబ్బులు ఎక్కడ పెట్టుకుంటావ్?" అన్నాడు.

కనకనే జిప్పు ఒక్కటే మార్చాను. పక్కలకి గుండుసూదులు గుచ్చి, రథసప్తమి వెళ్ళాక కోద్దామని ఉంచాను. ఈలోపు మా అత్తగారు, తన రెండు జాకెట్లకి చంకల్లో ఆ చిల్లుల గుడ్డ వేసిపెట్టమని పోరుతున్నారు.