విశాఖలో కొత్త కాపురం

విశాఖపట్నం గురించి కొత్తగా వ్రాయడానికి ఏముందని మీరనవచ్చు. సముద్రం ఉంది, కైలాసగిరి ఉంది, సింహాచలం మీద అప్పన్న ఉన్నాడు, రామకృష్ణా బీచి ఒడ్డున కురుసుర జలాంతర్గామి ఉంది. సెలవుల్లో నాలుగు రోజులు వచ్చి, ఇవన్నీ చూసి, పిల్లలకు గవ్వల బొమ్మలు కొనిపెట్టి, రాత్రి రైలెక్కి వెళ్లిపోయేవారికి ఇది చక్కని ఊరు. నేను ఆ ఊరి గురించి వ్రాయబోవడం లేదు. నియామకపు కాగితం జేబులో పెట్టుకుని, పుస్తకాల పెట్టెలూ వంటసామానూ లారీకెక్కించి, భార్యాబిడ్డలతో కాపురానికి వచ్చినవాడికి కనిపించే విశాఖపట్నం వేరే ఉంది. దాని సంగతి చెబుతాను.

నలభై దాటిన తరువాత కొత్త కాలేజీలో చేరడమంటే మళ్లీ మొదటి సంవత్సరం కుర్రవాడిగా చేరడమే. ఉపాధ్యాయుల గదిలో ఏ కుర్చీ ఎవరిదో తెలియదు. ఏ గంటకు ఏ తరగతో జేబులోని చీటీ చూసుకుంటే గాని తెలియదు. పదిహేనేళ్లు బొబ్బిలిలో పాఠం చెప్పి, వీధిలో పోతుంటే పాలవాడి దగ్గరనుంచి ప్లీడరుగారి దాకా “మాస్టారూ” అని పలకరించిన వాడికి ఇది కొంచెం కష్టంగానే ఉంటుంది. అయినా నాకొక ధైర్యం ఉండేది. విజయనగరంలో నాతో చదువుకున్న మిత్రులు ముగ్గురు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఒకడు పోర్టులో, ఒకడు ఉక్కు కర్మాగారంలో, మూడోవాడికి పూర్ణా మార్కెట్టు దగ్గర సొంత దుకాణం. చదువుకునే రోజుల్లో అయ్యకోనేరు గట్టు మీద కూర్చుని, ఆకలి వేసేదాకా ఇళ్లకు పోయేవాళ్లం కాదు. ఇక మళ్లీ రోజూ అయ్యకోనేరు గట్టే అనుకున్నాను.

వచ్చి నెలా పది రోజులైనా ఒక్కడూ కంటపడలేదు.

మొదటి కారణం ఊరి పొడవు. కొండలకూ సముద్రానికీ మధ్య దొరికిన చోటల్లా ఈ ఊరు సాగింది. నేనుండే మద్దిలపాలెం నుంచి ఉక్కు మిత్రుడుండే కూర్మన్నపాలెం వైపు పోవాలంటే ఇరవై కిలోమీటర్లకు తక్కువ ఉండదు. ఎన్.ఏ.డి. కూడలి, గాజువాక దాటేసరికి బస్సులో ఒక కునుకు తీయవచ్చు. రెండో కారణం, అసలు కారణం, వాళ్ల పని. ఫోన్ చేస్తే ఒకడు, “ఒరే, సి షిఫ్టులో ఉన్నానురా, పగలంతా నిద్ర” అంటాడు. ఇంకొకడు, “ఓడ వచ్చిందిరా, రేపు చూద్దాం” అంటాడు. మూడోవాడు, “కొట్టు ఎవరిమీద వదిలి రాను?” అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు.

ఈ ఊరు ఇలా ఎందుకు తయారయిందో తెలుసుకోవాలంటే రేవు దగ్గర మొదలుపెట్టాలి. ఒకప్పుడు ఇక్కడ ఓడలు దూరాన లంగరు వేసుకుంటే, సరుకు పడవల మీద ఒడ్డుకు తెచ్చేవారు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజానికి సముద్రపు దారి కావలసి వచ్చింది. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం 1931లో పూర్తయింది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఉప్పుటేటి బురదనేల త్రవ్వి లోపలి రేవు కట్టారు. దాని ముఖద్వారానికి అలల దెబ్బ తగలకుండా రెండు పాత ఓడలను తెచ్చి ముంచి అడ్డుకట్టగా నిలిపారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ మొదటి ఓడగా లోపలికి వచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రారంభోత్సవం చేశాడు. ఆ తరువాత బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస - కిరండూల్ రైలు దారి వేశారు. మరీ పెద్ద ఓడల కోసం 1976లో బయటి రేవు వచ్చింది.

ఓడకు ఆదివారం తెలియదు, ఉగాది తెలియదు. వార్ఫుకు చేరి నిలబడినంతసేపూ ఎవరికో ఒకరికి డబ్బు ఖర్చే. కనుక అర్ధరాత్రి వచ్చినా అప్పుడే సరుకు దింపాలి. మా పోర్టు మిత్రుడు పెళ్లిభోజనం మధ్యలో విస్తరి ముందునుంచి లేచి వెళ్లిన సందర్భాలు ఉన్నాయని వాళ్లావిడ చెప్పింది. ఆమె అది ఫిర్యాదుగా చెప్పలేదు. వర్షం వచ్చిందన్నట్లుగా చెప్పింది.

రేవు పక్కనే ‘సింధియా’ ఉంది. సిటీ బస్సుల మీద ఆ పేరు మీరూ చూసి ఉంటారు. అది ఓడల కంపెనీ పేరు. వాల్చంద్ హీరాచంద్ తలపెట్టిన నౌకా నిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాను వాళ్ల బాంబులు ఈ ఊరిమీద పడ్డాయి. జనం మూటాముల్లే కట్టుకుని పల్లెలకు తరలిపోయారు. అయినా ఆ ప్రయత్నం అంతటితో ముగిసిపోలేదు. 1948 మార్చి 14న నెహ్రూగారు ‘జల ఉష’ను సముద్రంలోకి దింపారు. ఇల్లొకచోట, ఉద్యోగమొకచోట అన్న బాధ ఈ ఊరికి ఈనాటిది కాదు.

తెలుగు మాస్టర్ని కనుక ఏవీఎన్ కాలేజీ మీదుగా పోయినప్పుడల్లా నాకు శ్రీశ్రీ గుర్తుకు వస్తారు. ఆయన 1910లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఇక్కడి కవితా సమితి 1928లో ఆయన ‘ప్రభవ’ను అచ్చు వేసింది. 1935లో ఈ కాలేజీలోనే డిమాన్‌స్ట్రేటరుగా చేరి, 1938లో ఆంధ్రప్రభలో ఉద్యోగానికి మద్రాసు వెళ్లిపోయారు. ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చినప్పుడు, దానిని 1937లో కన్నుమూసిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చారు. ఊరు మారినా, ఉద్యోగం మారినా, మనిషే పోయినా ఆయన మిత్రుణ్ణి వదలలేదు. మనం కవులం కాము. అంకితమివ్వడానికి మన దగ్గర కావ్యాలు లేవు. నెలకొక సాయంత్రం ఇవ్వగలిగితే అదే ఎక్కువ.

ఇలా నేను నా మిత్రుల గురించి బెంగపడుతూ ఉండగా మా ఆవిడ ఒకనాడు అంది: “కలిసినా కలవకపోయినా మీకీ ఊళ్లో ముగ్గురున్నారు. బొబ్బిలిలో నాకు వీధి వీధంతా తెలుసు. పచ్చడి ఎండబెట్టినా నలుగురు వచ్చేవాళ్లు. ఇక్కడ మెట్లెక్కి వస్తే రెండువైపులా మూసిన తలుపులే. నాకెవరున్నారండీ?”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగం నాకు వచ్చింది. ఊరు ఆమెకూ మారింది. నాకు కనీసం కాలేజీ ఉంది, పిల్లలకు బడి ఉంది. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఆమెకు మిగిలింది నాలుగు గోడలు.

ఆ ఆదివారం అందరం కలిసి ఉక్కునగరం బయలుదేరాం. కూర్మన్నపాలెం దాటి లోపలికి పోతే గాజువాక దుమ్మూ రొదా ఒక్కసారిగా వెనకబడతాయి. వెడల్పాటి రోడ్లు, రెండువైపులా చెట్లు, సెక్టార్ల వారీగా క్వార్టర్లు. కాని ఈ చెట్ల కింద నేల సులభంగా రాలేదు. 1966లో “విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు” అని రాష్ట్రమంతా లేచింది. అమృతరావుగారు నిరాహార దీక్ష పూనారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరాగాంధీ కర్మాగారాన్ని ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. జాతికి అంకితమయింది మాత్రం 1992 ఆగస్టు 1న, పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా ఉన్నప్పుడు. ఈ నడుమ కర్మాగారం కోసం ఎన్నో పల్లెలు ఖాళీ అయినాయి. భూములిచ్చినవారిలో కొందరికి ఉద్యోగాలు దొరికాయి. ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లూ ఉన్నారు. ఒకే అరుగు మీద కూర్చున్నవాళ్లు తలో కాలనీకి పోయారు. సముద్రపు ఒడ్డున అప్పికొండ సోమేశ్వరస్వామి గుడి మాత్రం నిలిచింది. శివరాత్రినాడు ఆ గుడి దగ్గర జనంలో పాత ఇరుగుపొరుగువాళ్లు చేతులు పట్టుకుని మాట్లాడుకోవడం తరువాత చూశాను. “మీ పెద్దోడేటి సేస్తన్నాడు?” అని ఒకామె అడుగుతుంటే, రెండో ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

మేము వెళ్లేసరికి మిత్రుడు సి షిఫ్టు చేసి వచ్చి నిద్రలో ఉన్నాడు. రాత్రి పదింటికి వెళ్లి ఉదయం ఆరింటికి దిగే షిఫ్టు అది. వాళ్లావిడ గుమ్మంలోనే వేలు పెదవులమీద పెట్టి, “రండి అన్నయ్యగారూ, రండి వదినగారూ” అని లోగొంతుకతో పిలిచింది. పిల్లలు గుసగుసగా ఆడుకుంటున్నారు. సి షిఫ్టు రోజుల్లో ఆ ఇంట్లో కుక్కరు పెట్టరు. విజిలుకు ఆయనకు మెలకువ వస్తుందని గిన్నెలో అన్నం వారుస్తారు.

వంటింటి గోడకు ఒక క్యాలెండరు వేలాడుతోంది. ప్రతి తేదీ మీదా ఎర్రసిరాతో ఎ, బి, సి అని గుర్తులు. సెలవు రోజులకు సున్నాలు. వాటి పక్కనే నీలిసిరాతో ‘అత్తయ్యకు మందులు’, ‘పాప బడి ఫీజు’, ‘సింహాచలం’ అని చిన్న అక్షరాలు.

“పండగ ఏ రోజున వచ్చిందని కాదు వదినగారూ, ఏ షిఫ్టులో వచ్చిందని చూసుకుంటాం,” అందావిడ. “తీరిక దొరికినప్పుడు చూద్దాం అనుకుంటే ఇక్కడ ఏ పనీ కాదు. బ్లాస్ట్ ఫర్నేసును ఆపుకుని ఇంటికి రమ్మంటామా?”

ఆ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. పేర్లు చల్లనివే. కాని వాటిని పొయ్యిలాగా రాత్రి ఆర్పి ఉదయం వెలిగించుకోవడం కుదరదు. ఎవరో ఒకరు ఎప్పుడూ దగ్గర ఉండాలి. ఆ ఎవరో ఒకరి ఇంట్లో గిన్నెలో అన్నం వారుస్తూనే ఉండాలి.

మధ్యాహ్నం మిత్రుడు లేచాడు. ఇద్దరం బయట చెట్టు కింద కూర్చున్నాం. మాటలు పాత రోజులమీద మొదలై కర్మాగారం మీదికి వచ్చాయి. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం ప్రభుత్వ వాటా అంతా అమ్మివేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటినుంచి ఇక్కడ కార్మికులు ఆందోళన చేస్తూ వచ్చారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించింది. “నలభై దాటాక నువ్వు కొత్త ఉద్యోగంలో చేరావు. నాకు కూడా ఆ అవసరం వస్తుందేమో అని ఒక్కొక్క రాత్రి అనిపిస్తుందిరా,” అన్నాడు వాడు. ఫోన్‌లో ఆ మాట వాడు ఎన్నడూ అనలేదు. ఇరవై కిలోమీటర్లు పోయి పక్కన కూర్చుంటే గాని కొన్ని మాటలు బయటికి రావు.

మేమిలా మాట్లాడుకునేలోపల లోపల ఆడవాళ్లు ఒక ఏర్పాటు చేశారు. పోర్టు మిత్రుడి భార్యతో ఫోన్‌లో మాట్లాడి ఆవిడనూ కలుపుకున్నారు. దుకాణం మిత్రుడి ఇంటికి కబురు పంపారు. నెలకొకసారి, రెండో శనివారం, సాయంత్రం ఐదున్నరకు రామకృష్ణా బీచిలో కలవాలి. ఎవరికి వాళ్లు తినుబండారాలు తెచ్చుకోవాలి. ఇక ముఖ్యమైన షరతు: మగవాడికి డ్యూటీ పడినంత మాత్రాన కుటుంబం మానడానికి వీల్లేదు. ఆయన రాలేకపోతే ఆయన ఇంటివాళ్లు రావాలి.

ఈ చివరి షరతు నాకు మొదట నవ్వు తెప్పించింది. తరువాత దానిలోని తెలివి తెలిసింది. మేము నలుగురం ఒకేసారి ఖాళీ అయ్యేదాకా ఆగితే ఏడాదికొకసారి కూడా కలవం. కుటుంబాలు కలుస్తూ ఉంటే మాత్రం మాలో ఎవరు ఏ షిఫ్టులో ఉన్నా స్నేహం నడుస్తూనే ఉంటుంది. స్నేహితుల కోసం ఇల్లు వదిలి వెళ్లానని, ఇంటి కోసం స్నేహితులను వదిలానని రెండువైపులా పడే బాధ కూడా తీరుతుంది.

ఇప్పటికి అలాంటి శనివారాలు ఏడు గడిచాయి. నలుగురం కలిసి కూర్చున్నది రెండుసార్లే. కాని కుటుంబాలు ఒక్కసారీ తప్పలేదు. పిల్లలు ఇసుకలో ఆడుకుంటారు. ఆడవాళ్లు మురీ మిక్స్చరు పొట్లాలు పంచుకుంటూ లోకమంతా మాట్లాడుకుంటారు. చీకటి పడితే దూరాన లంగరు వేసిన ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. డాల్ఫిన్స్ నోస్ మీద దీపస్తంభం తిరుగుతుంది. పోర్టు మిత్రుడి చిన్నకూతురు రేవు వైపు వేలు చూపి, “మా నాన్నక్కడున్నారు” అని అందరికీ చెబుతుంది. మా అబ్బాయికి జ్వరం వచ్చిన రాత్రి, నేను మూల్యాంకనం పనిమీద పొరుగూళ్లో ఉంటే, మా ఆవిడ మొదట ఫోన్ చేసింది నాకు కాదు, పూర్ణా మార్కెట్టు వదినగారికి. ఆ దంపతులు పదిహేను నిమిషాల్లో వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారట. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది.

మీ బంధువులో స్నేహితులో విశాఖపట్నంలో ఉంటే తప్పకుండా వచ్చి చూసి వెళ్లండి. అయితే రైలెక్కేముందు “ఏ షిఫ్టు?” అని ఒక్కమాట అడగండి. వాళ్లు అది మర్యాదగానే తీసుకుంటారు. గుమ్మంలో ఎవరైనా వేలు పెదవులమీద పెడితే నొచ్చుకోకుండా, చెప్పులు చప్పుడు కాకుండా విడిచి లోపలికి వెళ్లండి. మంచి కాఫీ దొరుకుతుంది.

మా వంటింట్లోనూ ఇప్పుడొక క్యాలెండరు ఉంది. నాకు షిఫ్టులు లేవు గనుక మా ఆవిడ నా పరీక్షల డ్యూటీలకు ‘ప’ అని ఎర్రసిరాతో గుర్తు పెట్టింది. రెండో శనివారాలకు మాత్రం ఏ గుర్తూ పెట్టలేదు. ఎందుకని అడిగితే, “అది మరిచిపోయేదా ఏమిటి?” అంది.