పోటీకి ముందు చివరి పక్షం

స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్‌లలో ఒక్కోదానికి 3 అవకాశాలిచ్చి, నెగ్గిన అత్యధిక బరువులను కలిపి టోటల్ కట్టే పవర్‌లిఫ్టింగ్‌లో, నెలల తరబడి కూడబెట్టిన బలం పోటీ రోజున బయటపడాలంటే దానిమీద పేరుకున్న అలసట ముందుగా దిగిపోవాలి.

అలసటను ఇలా దించే దశను పీకింగ్ అంటారు. బార్ మీది బరువును దాదాపు అలాగే ఉంచి, సెట్లనూ రెప్స్‌నూ, అంటే మొత్తం పని పరిమాణాన్ని, చివరి ఒకటి రెండు వారాల్లో బాగా తగ్గించడం దీని సారం. అలసట తీరినంత త్వరగా బలం తరగదు గనుకే ఈ లెక్క ఫలిస్తుంది.

డెడ్‌లిఫ్ట్ అలసట ఎక్కువకాలం నిలుస్తుంది కాబట్టి చాలామంది కోచ్‌లు దాని చివరి భారీ సాధనను 10 నుంచి 14 రోజుల ముందే ముగిస్తారు. బెంచ్‌ను మాత్రం, రిఫరీ ‘ప్రెస్’ అనేదాకా బార్‌ను ఛాతీపై కదలకుండా ఆపే అభ్యాసంతో సహా, పోటీ వారం దాకా సాగిస్తారు.

నిషిద్ధ మందులు వాడని లిఫ్టర్ కోలుకునేది నిద్ర, తిండి, విరామాలతోనే కనుక, ఈ రోజుల్లో “ఒక్కసారి చూసుకుందాం” అంటూ గరిష్ఠ బరువుకు పోవడం (జిమ్‌లలో ఇదొక అంటువ్యాధి) శుద్ధ దండగ.

త్వరగా కోలుకోవాలని సప్లిమెంట్లు వాడేవారూ జాగ్రత్తపడాలి: అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య అనుసరించే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నియమావళి ప్రకారం, నమూనాలో నిషిద్ధ పదార్థం కల్తీ సప్లిమెంట్ వల్ల తేలినా బాధ్యత క్రీడాకారులదే.

ఇక పోటీ రోజున మొదటి ప్రయత్నానికి, జిమ్‌లో 3 రెప్స్ నిలకడగా చేయగలిగిన బరువే తగినది. స్క్వాట్‌లో మూడు ప్రయత్నాలూ పోతే ఆ రోజు టోటలే ఉండదు.

పోటీల్లో దిగినవారు తమ చివరి భారీ డెడ్‌లిఫ్ట్‌ను ఎన్ని రోజుల ముందు ముగించారో, అది కలిసివచ్చిందో లేదో కింద రాయగలరు.