ప్రతిక్షేపించగా...

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. మొన్న రాత్రి పదింటికి పుస్తకం పట్టుకొచ్చి నా ముందు కూలబడింది.

'నాన్నా, ఎఫ్ ఆఫ్ ఎక్స్‌కి, ఎఫ్ ఆఫ్ 1 బై ఎక్స్‌ని రెండింతలు చేసి కలిపితే 3 ఎక్స్ వస్తుందట. ఎఫ్ ఆఫ్ 2 ఎంత అని అడిగాడు. ఎలా చెయ్యాలి?'

'రేపు మీ సార్‌ని అడుగు' అనబోయి ఆగాను. ఏళ్ల తరబడి ఆ మాటే చెబుతున్నాను. లెక్కలంటే ఇష్టం లేక సీఈసీకి మారానని కూడా చెప్పుకున్నాను. అది అబద్ధం.

మా ఊరి స్కూల్లో పదో తరగతి లెక్కల్లో నేనే ఫస్టు. 'ఎక్స్ విలువను ఒకటో సమీకరణంలో ప్రతిక్షేపించగా' అని రాస్తుంటే కలం దానంతటదే పరుగెత్తేది. ప్రమేయాలూ అక్కడే చదివాను. తీరా పట్నంలో ఇంగ్లిషు మీడియం ఎంపీసీలో చేరితే మొదటి వారంలోనే 'ఫంక్షన్' అన్నారు. నాకు తెలిసిన ఫంక్షన్ పెళ్లో, ఓణీల వేడుకో. 'సబ్‌స్టిట్యూట్' అంటే క్రికెట్లో పన్నెండో ఆటగాడు. అది మన ప్రమేయమే, ఇది మన ప్రతిక్షేపణే అని చెప్పినవాళ్లు లేరు. అడగడానికి నాకు నోరు పెగల్లేదు.

ఒకరోజు బోర్డు దగ్గరికి పిలిచారు. ఎఫ్ ఆఫ్ ఎక్స్ అంటే ఎక్స్ వర్గం. ఎక్స్ ఉన్నచోట ఎక్స్ ప్లస్ 1 పెట్టమన్నారు. నేను ఎఫ్‌ని ఏదో అంకె అనుకుని బ్రాకెట్లోకి గుణించేశాను. క్లాసంతా నవ్వింది. లెక్చరర్ కూడా నవ్వారు. (1730లలో ఆయిలర్ వాడిన రాత అది. బ్రాకెట్ పక్కన అక్షరం ఉంటే గుణించమని అన్నేళ్లు నేర్పి, ఇక్కడ మాత్రం కాదంటే పిల్లాడేం చేస్తాడు?) నెల తిరక్కుండా గ్రూపు మార్చుకున్నాను. నన్ను ఇంజినీరుగా చూడాలనుకున్న మా నాన్న ఆ రాత్రి ఒక్కమాటా అనలేదు. అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

'ఎఫ్ అంటే అంకె కాదమ్మా, పిండిమర అనుకో. బ్రాకెట్లో ఉన్నది తొట్టిలో పోసే సరుకు. వర్గం చేసే మరలో 3, 1 కలిపి 4 పోస్తే 16 వస్తుంది. విడివిడిగా పోసి కలిపితే పదే' అన్నాను హుషారుగా.

'అది నాకు తెలుసులే నాన్నా. నా లెక్క చూడు.'

చూశాను. ఎక్స్ బదులు 2 పెడితే: ఎఫ్ ఆఫ్ 2, దానికి ఎఫ్ ఆఫ్ సగం రెండింతలు కలిపితే 6. తెలియనివి రెండు, సమీకరణం ఒక్కటి. అమ్మాయి కూడా అక్కడే ఆగిందట. చాలాసేపు ఇద్దరం కాగితం వంక చూస్తూ కూర్చున్నాం.

మరలో 2 బదులు సగమే పోస్తే? 1 బై సగం అంటే మళ్లీ 2 కదా! ఎఫ్ ఆఫ్ సగం, దానికి ఎఫ్ ఆఫ్ 2 రెండింతలు కలిపితే ఒకటిన్నర. రెండో సమీకరణం దొరికింది. ఇక మిగిలింది మా ఊరి పదో తరగతే. ఎఫ్ ఆఫ్ సగాన్ని ఒకటిన్నరలోంచి రాబట్టి పై దాంట్లో పెడితే, ఎఫ్ ఆఫ్ 2 మైనస్ 1 అని తేలింది. ఎఫ్ ఆఫ్ సగం మూడున్నర. మూడున్నర రెండింతలు 7, అందులో 1 పోతే 6. సరిపోయింది.

అమ్మాయి కాగితం లాక్కుని నేను రాసిన వరుసల్ని వేలితో చదువుకుంటూ ఒకచోట ఆగింది.

'ప్రతి... క్షే... ఇదేం మాట నాన్నా?'

'సబ్‌స్టిట్యూట్' అన్నాను. ఆ తర్వాత బోర్డు సంగతి చెప్పాను. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.