పాత సామానుల అంగడి

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు నాలుగు వీధుల ఇవతల, రెండు బట్టల కొట్ల నడుమ ఇరుకుగా ఒక అంగడి ఉంది. దాని ముందు నిలిచినవారికి అది అంగడో, లేక ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తూ సామాను వీధిలో పెట్టుకున్నారో వెంటనే బోధపడదు. గుమ్మం పక్కన ఒక నూతి గిలక, దానికి ఆనించి పందిరి మంచపు కోళ్ళు. లోపల నిలువెత్తు భోషాణం, దాని మీద మరచెంబులు, కుందులు, కంచు గిన్నెలు, మూగబోయిన ఒక మర్ఫీ రేడియో. పేరు బల్ల లేదు. ఊరివారు దానిని పాత సామానుల కొట్టు అంటారు. హైదరాబాదు నుంచి కార్లలో వచ్చేవారు వింటేజ్ షాపు అంటారు. యజమానికి రెండు పేర్లూ సమ్మతమే. రెండవ పేరుతో పిలిచేవారు బేరం కొంచెం తక్కువగా ఆడతారని మాత్రం అతడు గ్రహించాడు.

అతని తండ్రి కాలంలో అది తుక్కు సామాను కొట్టు. రాగి, ఇత్తడి, ఇనుము తూకానికి కొని, కరిగించేవారికి అమ్మడమే వ్యాపారం. గంగాళమైనా, విరిగిన కుళాయి అయినా ఆయనకు ఒకటే. కాటాలో పెట్టిన తరువాత అన్నీ కిలోలే. అప్పటికి ఇళ్ళలో ఇత్తడికి గడ్డుకాలం వచ్చింది. ఇత్తడి పాత్రలో పులుపు వండితే చిలుము పడుతుంది. అందుకే దానిని నిప్పుల మీద కాల్చి, నవాసారం పొడి చల్లి, తగరాన్ని దూదితో లోపలంతా పూసి కళాయి వేయించేవారు. కొన్నాళ్ళకు ఆ పూత పోతుంది, మళ్ళీ వేయించాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఈ బాధ లేదు. కళాయివారి కేక వీధుల్లో వినిపించడం తగ్గినకొద్దీ తుక్కు కొట్టులో ఇత్తడి కుప్ప పెరిగింది.

ఒకనాడు కుర్రవాడుగా ఉన్న అతనికి, సుత్తితో అణచవలసిన గంగాళం అంచున అక్షరాలు కనిపించాయి. ఒక తల్లి తన కూతురికి సారెగా పెట్టినదని తేదీతో సహా చెక్కించి ఉంది. అతడు దానిని పక్కన పెట్టాడు. "దాని మీది రాతకు కూడా తూకం వేస్తావురా?" అని తండ్రి నవ్వాడు. మూడు నెలల తరువాత ఒక హోటలు యజమాని ఆ గంగాళంలో నీళ్ళు పోసి పూలు పరుచుకోవడానికి తూకం ధరకు నాలుగింతలిచ్చి పట్టుకుపోయాడు. తండ్రి నవ్వడం మానివేశాడు.

అలా మొదలైన అంగడి ఇది. అయితే పాత వస్తువును పాత వస్తువుగానే కొనేవారు అరుదని అతనికి త్వరలోనే అర్థమైంది. ఈనాటి ఇంట్లో దానికేదో ఒక ఉద్యోగం చూపాలి. నూతి గిలక వేలాడే దీపమైంది. కిటికీ రెక్కలు అద్దానికి చట్రమయ్యాయి. తిరగలి రాళ్ళు తోటలో అడుగులు వేసే పలకలయ్యాయి. ధాన్యం కొలిచిన కుంచం కలాలు పెట్టుకొనే పాత్రగా మారింది. నాలుగు మానికలు ఒక కుంచమన్న లెక్క 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత మెల్లమెల్లగా లీటర్లకు, కిలోలకు తావిచ్చి తప్పుకుంది. ఆ కుంచాన్ని కొన్న యువతికి అతడీ లెక్క చెప్పబోతే ఆమె ఓపికగా విని, "ఇందులో ఎన్ని పెన్నులు పడతాయండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కొలపాత్రను ఎంత పడుతుందని అడగడం న్యాయమే కదా!

ఈ మార్పులు చేసే వడ్రంగి వృద్ధుడు. అతనికీ యజమానికీ నడుమ మాటగా చెప్పుకోని ఒక కట్టుబాటు ఉంది. చేసిన మార్పును ఎప్పుడైనా విప్పుకోగలగాలి. తలుపును భోజనాల బల్లగా మార్చవలసివస్తే కింద వేరే చట్రం మీద పరుస్తారు, పైన అద్దం వేస్తారు. తలుపుకు మేకు దిగదు. గొళ్ళెం తీయరు. పాత మెరుగు పోయేలా గీకరు. స్పిరిట్టులో కరిగించిన లక్కను పలుచగా రుద్ది ఊరుకుంటారు. రేపు ఎవరైనా ఆ బల్లను మళ్ళీ గుమ్మానికి తగిలించుకోదలిస్తే అది తలుపుగా లేచి నిలబడాలి. ఇంతవరకు అలా అడిగినవారెవరూ లేరన్నది వేరే సంగతి.

ఈ కట్టుబాటు వలన నష్టం తక్కువేమీ కాదు. పెద్ద భోషాణాన్ని రెండుగా కోసి టీవీ బల్లలు చేసిస్తే వారంలో అమ్ముడుపోతాయి. కోయని భోషాణం రెండేళ్ళుగా మూలనే ఉంది. దాని చోటుకు కూడా అద్దె కట్టక తప్పదు. విగ్రహాల సంగతి వచ్చినప్పుడు మాత్రం అతనికి లాభనష్టాల లెక్క లేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పాల వంటి వాటితో వ్యాపారానికి లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించరాదు. రాతప్రతులకైతే డెబ్బయి ఐదేళ్ళే గడువు. గుడి నుంచి వచ్చినట్లు తోచిన దేనినీ అతడు గుమ్మం లోపలికి రానివ్వడు. భోషాణాల అడుగున తాటాకు కట్టలు దొరికితే, తాళపత్రాలను భద్రపరుస్తున్న గౌతమీ గ్రంథాలయం ఊరిలోనే ఉందని అమ్మవచ్చినవారికి చెప్పి పంపుతాడు.

ఇన్ని జాగ్రత్తలు తెలిసిన అతడు కోనసీమలోని ఒక మండువా ఇంటి విషయంలో ఏమీ చేయలేకపోయాడు.

నడుమ ఆకాశం కనిపించే ఖాళీ, చుట్టూ వసారాలు, నాలుగు వైపుల నుంచి లోపలికి వాలే మంగళూరు పెంకుల కప్పు, ఆ కప్పు అంచును మోసే నాలుగు టేకు స్తంభాలు. వానాకాలంలో నాలుగు చూరుల నీరూ మండువాలోకే దూకేది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను ఆ ఇంటి పెంకులను సగానికి పైగా ఎత్తుకుపోయింది. అప్పుడు తడిసిన వాసాలు తిరిగి కోలుకోలేదు. తరువాత అన్నదమ్ములు నలుగురూ పంచుకున్నారు. స్థలాన్ని, చెట్లను, పాత్రలను పంచుకోవడం లోకంలో ఉన్నదే. వారు స్తంభాలను కూడా తలా ఒకటి పంచుకున్నారు. ఒక్క స్తంభం ఏ కప్పునూ మోయలేదని ఆ రోజు ఎవరికీ తోచలేదు కాబోలు.

ముగ్గురు తమ వంతు స్తంభాలను అంగడికి అమ్మారు. రెండింటిని ఒక విడిది గృహం వారు కొని, ముఖద్వారానికి చెరొక వైపున నిలిపారు. వాటి మీద ఇప్పుడు ఏ బరువూ లేదు. మూడవదాన్ని దీపస్తంభాలుగా కోసి ఇమ్మని అడిగినవారు ఐదారుగురున్నారు. యజమాని ఒప్పుకోలేదు. ఎనిమిదడుగుల ఆ స్తంభం గోడకు ఆని, నాలుగేళ్ళ పాటు వచ్చేపోయేవారి భుజాలకు తగులుతూ ఉండిపోయింది.

నాలుగవ స్తంభం తీసుకున్న కడపటి తమ్ముడు ఉపాధ్యాయుడు. పదవీ విరమణ చేసి, కాకినాడ శివారున చిన్న ఇల్లు కట్టుకుంటూ, భార్యతో కలిసి ఒకనాడు అంగడికి వచ్చాడు. వరండాకు రెండు స్తంభాలు కావాలి. ఒకటి తన దగ్గర ఉంది. గోడకు ఆనిన స్తంభాన్ని చూడగానే ఆయన మాట ఆగిపోయింది. దాని మీద అరచేయి ఉంచి, నడుము ఎత్తున ఉన్న ఒక గాటును బొటనవేలితో తడిమాడు. చిన్ననాడు అన్నయ్య కత్తిపీటతో పెట్టిన గాటట.

బేరం త్వరగానే కుదిరింది. చిక్కు ఆ తరువాత వచ్చింది. మాస్టారి స్తంభం ఏడడుగులే ఉంది. పంపకం తరువాత ఆయన మూడవ అంతస్తు అద్దె ఇంట్లో ఉండేవాడు. స్తంభం లిఫ్టులో పట్టలేదు. మెట్ల మలుపు తిరగలేదు. చివరికి అడుగు మేర కోయించి లోపలికి చేర్చుకున్నాడు.

"దీనిని కూడా ఒక అడుగు కోయించండి, రెండూ సమానమవుతాయి" అన్నాడు మాస్టారు.

యజమాని వెంటనే బదులు చెప్పలేదు. నాలుగేళ్ళుగా కోయనిది, సొంతవాడే వచ్చి కోయమంటున్నాడు. కాదంటే బేరం పోవచ్చు. ఆ నెల అద్దె ఇంకా కట్టలేదు.

"కోసినదానికి కలుపుదాం మాస్టారూ. దీని జోలికి వద్దు" అన్నాడు చివరకు.

ఎత్తు సరిపెట్టడానికి రాతి రోలును బోర్లించి కింద పెట్టవచ్చని ఎవరో అన్నారు. మాస్టారి భార్య ఒప్పుకోలేదు. "రోలంటే మాకు లక్ష్మీదేవి. దాని నెత్తిన స్తంభం నిలబెడతారా?" అన్నది. వడ్రంగి అంతవరకు మాట్లాడలేదు. వెనుక గదిలోకి పోయి, ఏదో ఇంటి దూలం నుంచి మిగిలిన టేకు ముక్కను తెచ్చి, స్తంభం మొదలు కొలతతో పోల్చి చూశాడు. నాలుక, గాడి కోసి అతికితే బరువు మోస్తుందని, అయితే అతుకు మాత్రం కనబడుతుందని చెప్పాడు.

పది రోజులలో పని పూర్తయింది. కొత్తగా చేరిన అడుగు కొంచెం ఎర్రగా ఉంది. రంగు కలిపి రెండూ ఒకటిగా కనిపించేలా చేయమంటారా అని వడ్రంగి అడిగాడు. మాస్టారు భార్య వైపు చూశాడు.

"అలాగే ఉండనివ్వండి" అన్నదామె.

బిల్లులో స్తంభం ధర, వడ్రంగి కూలి రాశారు. దూలం ముక్కకు ధర రాయలేదు.